బట్లరమ్మ ద్రాక్ష బుడ్లు

ఎస్తేరత్త ఇంట్లో ఒక పెద్ద జాడీ ఉండేది. నాకు జ్ఞానం వచ్చేసరికి అందులో మాగాయ ఉండేది. మద్య నిషేధం రాకముందు అందులో ఏముండేదో చెబితే మాచర్లలో సగంమంది నమ్మరు. నమ్మనివాళ్ళతో నాకు పేచీ లేదు. "దొరలకి షాంపేను చేసిపెట్టిందంటగా!" అని ఎకసెక్కెంగా అనేవాళ్ళతోనే పేచీ. అత్త షాంపేను చెయ్యలేదు. ఆ మాట ఎవరన్నా తన ఎదుట అంటే ఊరుకునేది కాదు. ఇప్పుడామె లేదు కాబట్టి ఊరుకోకుండా ఉండే పని నా మీద పడింది.

ఆమె మాకు చుట్టం కాదు. మాది సోడాల నాగూర్ వలి ఇల్లు, ఆమెది ఫిరంగిపురం కథోలిక కుటుంబం. మా నాన్నను "వలీ అన్నా" అని పిలిచేది, అందుకని నాకు అత్త. ఊళ్ళో మిగతా అందరికీ బట్లరమ్మ. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పడమే నా ఉద్దేశం. అది పందొమ్మిది వందల నలభై మూడు నాటి మాట, నేనప్పటికి పుట్టలేదు. సగం మా నాన్న చెప్పగా, సగం అత్త చెప్పగా విన్నాను. ఇద్దరూ అబద్ధాలాడే రకం కాదు. కాకపోతే ఎవరి గొప్ప వాళ్ళు తగ్గించి చెప్పుకునే రకం, అందుకని అక్కడక్కడా నేను కాస్త కలుపుకున్నాను.

గుంటూరు నుంచి వచ్చే రైలుకి మాచర్ల ఆఖరి స్టేషను. స్టేషను వెనకాల రైలు ఆఫీసర్ల బంగళా, అందులో ఒక ఇంజనీరు దొర, దొరసాని. ఎస్తేరత్త పెనిమిటి రాజారత్నం అక్కడ బట్లరు. బట్లరంటే వంట, వడ్డన, గిడ్డంగి తాళాలు, అన్నీ అతని చేతి మీదే. బంగళా వెనక నాపరాళ్ళు పరిచిన ఒక గది బట్లరుది. అత్త పదహారేళ్ళ పిల్లగా కాపురానికి ఆ గదికే వచ్చింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు వంట చేసింది ఆమె, పేరు రాజారత్నానిది. ఇందులో వింతేమీ లేదు, అన్ని ఇళ్ళల్లోనూ జరిగేదే.

రాజారత్నం చేతికి మాత్రం ఒక విద్య ఉండేది. మద్రాసు నుంచి తెచ్చిన తెల్లద్రాక్ష కొమ్మ నాటి బంగళా పెరట్లో పందిరి అల్లించాడు. ఏటా చైత్రంలో కాయ కోసి, పిండి, ఆ జాడీలో పోసి మూతికి గుడ్డ కట్టేవాడు. వానలు పడే నాటికి అది దొరసాని భోజనంలోకి తెల్లవైను అయ్యేది. నలభై మూడులో కూడా పోశాడు. జూన్‌లో విషజ్వరం వచ్చి పది రోజుల్లో పోయాడు. జాడీ అలాగే ఉండిపోయింది.

దొరసానికి వచ్చిన తెలుగు వంటింటి తెలుగు. తే, పెట్టు, తియ్యి, పో, అన్నీ ఆజ్ఞలే. రాజారత్నం పోయిన రెండో వారంలో అత్తను పిలిచి, బేరరు యల్లమంద చేత చెప్పించింది. జనవరిలో కొత్త బట్లరు వస్తాడు. డిసెంబరు దాకా వండిపెట్టి గది ఖాళీ చెయ్యాలి. ఆ కొత్తవాడు స్టేషన్లో టీ దుకాణం నడిపే కంట్రాక్టరు పున్నారావు మనిషి.

"పద్నాలుగేళ్ళ నుంచి ఈడ వండేది నేనేగా అమ్మా," అంది అత్త.

పక్కనే ఉన్న పున్నారావు నవ్వాడు. "ఆడమనిషి బట్లరేంది ఎస్తేరూ? రేపు ఆడమనిషి రైలు తోలిద్దంటావు!"

అత్తకు పిల్లలు లేరు. ఫిరంగిపురంలో అన్నావదినల ఇంటి వసారాలో ఒక మూల తప్ప పోవడానికి చోటు లేదు. ఆ మూల ఎలాంటిదో ఆమెకు బాగా తెలుసు. వెళ్ళకూడదని అక్కడికక్కడే నిశ్చయించుకుంది. ఎలా అన్నది మాత్రం ఇంకా తెలియదు.

దారి పున్నారావే చూపించాడు, పాపం తెలియక. డిసెంబరులో దొరకీ దొరసానికీ పెళ్ళయి పాతికేళ్ళు నిండుతాయి. ఆ రోజు మధ్యాహ్నం మద్రాసు పెద్దదొరతో సహా ఎనిమిదిమందికి విందు. వాళ్ళ పెళ్ళిలో షాంపేను తాగారట, విందులోనూ అదే ఉండాలని దొరసాని పట్టు. యుద్ధంతో ఓడల్లో తుపాకులే గానీ సీసాలు రావడం లేదు. "ఆరు సీసాలు నేను తెప్పిస్తాగా," అని పున్నారావు మాటిచ్చాడు. అతని మనిషికి బట్లరు పని ఖాయమైంది ఆ మాట మీదే.

అది విని మర్నాడు అత్త దొరసాని ముందు నిలబడింది. "ఆ సీసాలు రావమ్మా. పొంగే వైను నేను చేసి పెడతా. బాగుంటే నన్ను ఉండనియ్యండి. బాగలేకపోతే ఆ సాయంత్రం బండికే పోతా, జనవరి దాకా కూడా ఉండను."

యల్లమంద ఇంగ్లీషులో చెప్పాడు. దొరసాని ఆమెను పైనుంచి కిందికి చూసి, "చెయ్యి," అంది.

ఆ ధీమా ఎక్కడిదంటే, చిన్నప్పుడు ఫిరంగిపురంలో ఫాదరు గారి తోటలో ఆమె తల్లి హన్నమ్మ కూలిపని చేసేది. ఆ ముసలి ఫాదరు ద్రాక్ష పండించే దేశం నుంచి వచ్చాడు. ఏడాదికొకసారి క్రిస్మస్‌కు ఒక సీసా ఆయన చేతుల్లో బుస్సుమని పొంగేది. పిల్లలు షాంపేను అంటే ఆయనకు కోపం. "షాంపేను అనేది ఒక ఊరి పేరు. ఆ ఊరివాళ్ళకే బుడగలు పుట్టించడం వచ్చా? మా పల్లెలో మా అమ్మ పుట్టించేది. పులిసిన వైనుకి కాస్త తీపి తగిలించి మూతి బిగిస్తే, తీపంతా తినేసి అదే గాలి పుట్టిస్తుంది. రాజులది రాజులు తాగనీ, మాది మేం తాగుతాం," అనేవాడు. ఆ మాట అత్త మనసులో ఇరవయ్యేళ్ళు ఉంది.

జులైలో జాడీ విప్పింది. పులుపు మళ్ళీ రేగడానికి గుప్పెడు ఎండుద్రాక్ష ఒక రోజు నానేసి, ఆ నీళ్ళు వడకట్టి అందులో పోసింది. చక్కెర రేషను కాబట్టి పటికబెల్లం దంచి కలిపింది. ఆరు ఖాళీ బీరు సీసాల్లో పోసి, బెండు బిరడాలు బిగించి, పురికొస కట్టి, వంటింటి మూల పెట్టింది. మాచర్ల ఎండ సంగతి ఫాదరుకి తెలియదుగా! వానాకాలమని పేరే గానీ ఆ ఏడు ఆగస్టు కూడా మాడ్చింది. ఒక మధ్యాహ్నం మొదటి సీసా పేలింది. దాని దెబ్బకి పక్కది, ఆ పక్కది, ఆరూ పేలాయి. ఒక గాజుపెంకు అత్త ముంజేతిని చీల్చింది. జాడీలో వైను సగానికి వచ్చింది.

పున్నారావు ఊరంతా చెప్పుకుని నవ్వాడు. "బంగళాలో బాంబులు పడ్డయ్యంట! జపానోళ్ళు కాకినాడ వదిలేసి మాచర్ల మీదికొచ్చారు!"

నవ్వినవాళ్ళు నవ్వారు. అత్త చేతికి కట్టు కట్టుకుని, ఊళ్ళో మందులిచ్చే ఆయన దగ్గరికి పోయి వస్తూ, కళ్ళు తిరిగి మా కొట్టు బల్ల మీద కూర్చుంది. మా నాన్న మిషను తిప్పుతున్నాడు. సోడా మిషను పక్కన కూర్చున్నవాళ్ళు మామూలుగా దానికి దూరం జరుగుతారు. ఆమె దగ్గరికి జరిగింది.

"అన్నా, నీ బుడ్డి పగలదా?"

"పగలకేం, నా నుదుటి మీద మచ్చ చూడు. అయినా ఇది నీ బీరు సీసా లాంటిది కాదు. గాజు ఎంత మందమో చూడు. గ్యాసు లోపల్నుంచి తోస్తే గోలీ పోయి మెడలో వాషరుకి అతుక్కుపోయిద్ది. ఎంత తోస్తే అంత బిగుసుద్ది. బెండూ వద్దు, తాడూ వద్దు. ఏంది, ఆ చెయ్యేంది?"

అత్త అంతా చెప్పింది. మా నాన్న మిషను ఆపేశాడు.

"వైనా? తౌబా! నాతో చెప్పకుండా బుడ్లు అడిగితే పోయేదిగా!"

"చెప్పకుండా అడిగితే మోసం అయిద్దిగా అన్నా."

సోడా కొట్లో ఒక కట్టుబాటు ఉంది. తాగినవాడు ఖాళీ బుడ్డి అక్కడ పెట్టి కదలాలి. బుడ్డి గడప దాటితే సోడావాడి ప్రాణం దాటినట్టే. యుద్ధంలో కొత్త బుడ్లు రావు, వాషర్లకు రబ్బరు లేదు. అడుగుతున్నదేమో రెండు డజన్లు. పైగా మాకు హరాం అయినదాన్ని పోయడానికి. అయినా మా నాన్న లేచి ఇరవై నాలుగు బుడ్లు ఏరాడు, ఒక్కొక్క మూతీ వేలితో తడిమి చూసి మరీ.

"తీసుకుపో చెల్లెమ్మా. ఇవి మళ్ళా నా కొట్టు గడప తొక్కకూడదు. నేను వాటిని ముట్టను. నీ వంటింట్లోకి అడుగు పెట్టను. గుమ్మం బయట నిలబడి నోటితో చెప్పేది చెప్తా."

ఇంట్లో మా అమ్మ కుల్సుం ఊరుకుందా? "పండక్కి నాకు రెండు గాజులడిగితే లేవు గానీ, వైను పోసుకోను రెండు డజన్ల బుడ్లా!" అని మూడు రోజులు సాధించింది. మా నాన్న ఒకే మాట అన్నాడు. "గుల్షన్‌కి జొరమొచ్చి పిల్ల చేజారిపోతుంటే, బంగళా ఐసు గోతంలో చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది ఎవరు? రాజారత్నమేగా." గుల్షన్ మా అక్క.

మిగిలిన వైనులో మళ్ళీ పటికబెల్లం కలిపి అత్త బుడ్లలో పోసింది. గోలీ మెడలోకి జారాలంటే బుడ్డి తలకిందులు చెయ్యాలి. మొదటి మూడు రోజులు చుక్క చుక్క కారింది. అత్త ఏడుపుమొహం పెడితే, మా నాన్న గుమ్మం అవతల నుంచి, "గ్యాసు పుట్టనీ, అదే బిగుసుద్ది. కంగారేంది?" అన్నాడు. నాలుగో రోజుకి కారడం ఆగింది. వంటింట్లో చల్లని మూల చంద్రవంక వాగు ఇసుక పోయించి, రోజుకి నాలుగుసార్లు తడుపుతూ, అందులో బుడ్లను తలకిందులుగా పాతింది. ఎండ పేల్చిన సీసాలను ఆమె మరిచిపోలేదు. రాత్రి అన్నం మానేసిందేమో గానీ ఇసుక తడపడం మానలేదు.

నెల తిరిగేసరికి మడ్డి దిగడం మొదలైంది. మడ్డి గోడకి అంటకుండా అత్త రోజూ ఒక్కొక్క బుడ్డినీ పట్టుకుని చిటికెడంత తిప్పేది. మూడు నెలలు. తిప్పేటప్పుడు పరలోక జపం చెప్పుకునేదట, జపం పూర్తయ్యేసరికి ఇరవై నాలుగూ పూర్తి కావాలి. మడ్డంతా మూతి దగ్గర చేరాక మా నాన్న మళ్ళీ వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"తలకిందులుగానే పట్టుకో. చెక్కతో గోలీని ఒక్క నొక్కు నొక్కి వదులు. గ్యాసు మడ్డిని ఉమ్మేసుద్ది, గోలీ మళ్ళా కూర్చుంటది. ఆశపడి ఎక్కువ నొక్కావా, వైను కూడా పోయిద్ది!"

మొదటి నాలుగు బుడ్లు పోయాయి. అయిదోదానికి చెయ్యి కుదిరింది. ఇరవై మిగిలాయి. ఒకదాన్ని ఎండకి ఎత్తి చూస్తే లోపల పలచని పసుపు రంగు, అడుగున నలుసు లేదు. గోలీ నొక్కినప్పుడు వేలికి అంటిన చుక్క నాలిక్కి రాసుకుంది. తీపి లేదు. పులుపు, వెనకనే సన్నని వగరు. ఫాదరు సీసాలోది చిన్నప్పుడు ఒకసారి నాలిక్కి తగిలింది, అదే. ఆమె గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. రాజారత్నం గుర్తొచ్చాడు. అయినా ఏడవలేదు. ఏడవడానికి ఇంకా టైము కాలేదంది నాతో.

విందు రోజు పొద్దున బండిలో పున్నారావు ఉత్త చేతులతో దిగాడు. మద్రాసంతా గాలించినా సీసా లేదట, ఉన్నవన్నీ మిలిటరీకి పోయాయట. దొరసాని మొహం పాలిపోయింది. అప్పుడతనికో ఉపాయం తట్టింది. దొరసాని పెళ్ళినాటి ఖాళీ షాంపేను సీసా కొవ్వొత్తి స్టాండుగా అల్మారాలో ఉంది. అత్త చేసిందాన్ని అందులో పోసి, మెడకి బంగారు కాగితం చుట్టి బల్ల మీద పెడితే సరి. సోడాబుడ్లు ఎవరికీ కనపడవు, పరువు దక్కుతుంది.

దొరసాని ఆ సీసా తీసుకుని తనే వంటింట్లోకి వచ్చింది. ఆమె వంటింట్లోకి రావడం అదే మొదటిసారి. సీసా అత్త ముందు పెట్టి, "పొయ్యి," అంది.

"పొయ్యనమ్మా," అంది అత్త. "పోస్తే గ్యాసు చచ్చిపోయిద్ది. చచ్చినదానికి బంగారు కాగితం చుట్టి పెడితే మీ పండగకి అరిష్టం. ఇది ఈ బుడ్లో పుట్టింది, ఈ బుడ్లోదే తాగాల."

యల్లమందకు చెమటలు పట్టాయి. మొదటి రెండు ముక్కలే ఇంగ్లీషులోకి మార్చి మిగతాది మింగేశాడు. ఆ రెండు ముక్కలే చాలు, దొరసాని మొహం ఎర్రబడింది. సీసా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

"ఇంక మూట సర్దుకో," అన్నాడు పున్నారావు.

"సర్దేదుంటే సాయంత్రం సర్దుకుంటా. ముందు బుడ్లు చల్లబడాల. పక్కకి జరుగు!"

మధ్యాహ్నం ఎనిమిదిమంది దొరలు, దొరసానులు బల్ల చుట్టూ కూర్చున్నారు. యల్లమంద తడిగుడ్డలు చుట్టిన గోలీబుడ్లు ట్రేలో తెచ్చి పెట్టాడు. ఇంకొకటేదీ లేదు కాబట్టి దొరసాని ఆపలేదు, అంతే. అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రైలాగినప్పుడల్లా ప్లాట్‌ఫారం మీద కూలీలు తాగే బుడ్లు అవి! ఇలాంటి రోజు మొదటి సీసా ఇంటాయనే వంచాలని వాళ్ళ ఆచారం. దొర లేచి, చెక్క పెట్టి గోలీని నొక్కాడు. కీచుమని అరిచి, బుస్సుమని పొంగింది. అందరూ "ఓ!" అన్నారు. దొర గ్లాసులోకి వంచాడు. చుక్క రాలేదు.

మన దగ్గర పాలు మరిచిన పిల్లకి కూడా తెలిసిన సంగతి దొరకు తెలియదు. సోడాబుడ్డి మెడ దగ్గర రెండు సొట్టలుంటాయి. అవి కిందికి ఉండేలా పట్టి వంచితే గోలీ అక్కడ ఆగుతుంది. పైకి పెట్టి వంచితే గోలీ దొర్లుకుంటూ వచ్చి మూతికి అడ్డం పడుతుంది. దొర ఇంకా వంచాడు, ఊపాడు, అడుగున తట్టాడు. ఎవరో కిసుక్కుమన్నారు. మద్రాసు పెద్దదొర బుగ్గలు ఉబ్బించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. దొర చెవులు కందిపోయాయి. యల్లమందకు విషయం తెలుసు, కానీ దొర చేతిలోది లాక్కునే ధైర్యం బేరరుకి ఎక్కడిది? వరండాలో పున్నారావు తల ఊపుతూ నిలబడ్డాడు.

అత్త వంటింటి తలుపు సందులోంచి చూస్తూ ఉంది. వంటమనిషి హాల్లోకి రాకూడదు. రాజారత్నం కూడా విందు మధ్యలో ఏనాడూ బల్ల దగ్గరికి పోలేదు. ఆమె కాళ్ళకి చెప్పుల్లేవు, చీర కుచ్చెళ్ళకి మసి. గుమ్మం దగ్గర ఆగితే ఫిరంగిపురం వసారా. ఆగలేదు.

నేరుగా దొర దగ్గరికి పోయి చెయ్యి చాపింది. ఆయన బుడ్డి ఇచ్చేశాడు. అత్త సొట్టలు కిందికి తిప్పి, గ్లాసు కాస్త ఏటవాలుగా పట్టి పోసింది. గోలీ టక్కుమని ఆగింది. గ్లాసులో అడుగు నుంచి పైకి బుడగలు వరసలు కట్టాయి. గ్లాసు పెద్దదొర ముందు పెట్టి ఒక్కడుగు వెనక్కి వేసి నిలబడింది.

పెద్దదొర నవ్వు మొహంతోనే ఒక గుక్క తాగాడు. నవ్వు ఆగింది. ఇంకో గుక్క తాగి, నాలిక కదిపి, "డ్రై," అన్నాడు. తర్వాత గ్లాసు ఖాళీ చేసి, ఇది ఎక్కడి షాంపేను అని దొరను అడిగాడు. దొర తడబడుతున్నాడు. ప్రశ్న అర్థమైంది కాబట్టి అత్తే చెప్పింది.

"నో షాంపేన్ సార్. మాచర్ల గ్రేప్. మై హస్బెండ్ గ్రేప్."

పెద్దదొర గ్లాసు మళ్ళీ ముందుకి జరిపాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు, అందరూ గ్లాసులు చాపారు. పన్నెండు బుడ్లు తెచ్చిన చోట ఇరవయ్యీ అయిపోయాయి. వంటింట్లోకి వచ్చాక అత్త యల్లమందను అడిగింది. "డ్రై అంటే పొడి కదంటయ్యా? తడిగా ఉన్నదాన్ని పొడి అంటాడేంది?" తీపి లేనిదాన్ని అలా మెచ్చుకుంటారని అతను చెప్పాడు.

నాలుగింటి బండికి అతిథులు వెళ్ళిపోయారు. దొరసాని మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. అత్త చేతులు తుడుచుకుని లేచి నిలబడింది. దొరసానికి ఆజ్ఞలు తప్ప తెలుగు రాదని చెప్పానుగా. ఇన్నేళ్ళూ పెట్టు, తే, పో విన్న అత్తకు, ఆ రోజు ఒకే ఒక్క మాట చెప్పింది.

"ఉండు."

ఇంకొకరైతే దణ్ణం పెట్టి ఊరుకునేవాళ్ళు. అత్త ఊరుకోలేదు. "బంగళా పుస్తకంలో బట్లరు అన్నచోట నా పేరు రాయించండమ్మా," అంది. దొర నవ్వుకుంటూ రాజారత్నం కింద ఎస్తేరు అని రాశాడు. దొరలు పోయి మనవాళ్ళొచ్చినా, ఆమె రిటైరయ్యేదాకా ఆ చోట ఆ పేరే ఉంది.

పొద్దు వాలుతుండగా అత్త మా కొట్టుకొచ్చింది. మా నాన్న మిషను ఆపి ఆమె మొహం చూశాడు.

"ఉండమన్నారన్నా."

మా నాన్న "అల్‌హందులిల్లా" అని, ఒక మామూలు సోడా కొట్టి ఆమె చేతికిచ్చాడు. అత్త బుడ్డి పట్టుకుని తాగకుండా చానాసేపు చూసింది.

"ఆయన జాడీ అయిపోయిందన్నా. ఒక్క చుక్క మిగల్లేదు," అంది. అని ఏడ్చింది. జూన్ నుంచి దాచుకున్న ఏడుపు, రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నా ఏడ్చింది. మా నాన్న మిషను వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన కళ్ళూ తడిశాయని మా అమ్మ చెప్పింది, ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.

కాసేపటికి అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. సొట్టలు కిందికి తిప్పి, సోడా మొత్తం తాగింది. ఖాళీ బుడ్డి కట్టుబాటు ప్రకారం పెట్టెలో పెట్టి లేచింది.

"పోతన్నానన్నా. పందిరికి నీళ్ళు పెట్టాల. చైత్రానికి నా జాడీ నేను పొయ్యాల."

నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"అన్నా, ఏమనుకోమాక. నీ సోడాలో గ్యాసు కొంచెం తక్కువైంది."